అక్క అడిగిన ప్రశ్నలు

మా ఇంట్లో తెలివంతా అక్క వాటాకి పోయిందనీ, కోపమంతా నా వాటాకి వచ్చిందనీ మా నాన్న అనేవాడు. అన్నప్పుడల్లా నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. "చూశావా, నేనన్నానా!" అని ఆయన పడీపడీ నవ్వేవాడు. ఆయనకి రెండు కుర్చీల సెలూన్ ఉండేది. ఒకరోజు ఇంటికొచ్చి, "ఇవాళ వచ్చినవాళ్ళందర్నీ అడిగానే. మన పని బాగాలేదన్నవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు" అని మీసం దువ్వుకున్నాడు. అక్క అప్పటికింకా జడలేసుకుని స్కూలుకి పోయే పిల్ల. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "బాగాలేదనుకున్నవాడు నీ కుర్చీలో ఎందుక్కూర్చుంటాడు నాన్నా? పక్కవీధి షాపులో కూర్చుంటాడు. అక్కడికెళ్ళి అడుగు" అంది. నాన్న తెల్లమొహం వేశాడు. మర్నాటినుంచి ఆ మాట గడ్డం గీయించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకుని మురిసిపోయాడు.

అలాంటిది గణాంకశాస్త్రం చదవక ఇంకేం చదువుతుంది? చదివింది, నగర ఆరోగ్యశాఖ లెక్కల విభాగంలో చేరింది. నేను ఫిజియోథెరపీ చదివి అదే శాఖవాళ్ళ ఆసుపత్రిలో పడ్డాను. లెక్కల్లోనే కాదు, దేంట్లోనైనా సరే, అక్క మాటకి నా దగ్గర తిరుగులేదు. చెప్పులు కొనుక్కోవాలన్నా అక్కకి ఫొటో పంపి, సరేనంటేనే కొనేదాన్ని.

నా గది ఆసుపత్రి వెనకవైపు, మెట్లు దిగాక ఉంటుంది. గోడకి చెక్క నిచ్చెన, పైకప్పుకి కప్పీ, దానికో తాడు, మూల వేడినీళ్ళ తొట్టి, ఎప్పుడూ తడి తువ్వాళ్ళ వాసన. పొద్దున వచ్చేవాళ్ళు ఫోన్లో ముందే టైము బుక్ చేసుకుని వస్తారు. సాయంత్రం వచ్చేవాళ్ళు వేరు. పని దిగి అట్నుంచటే వచ్చి, కిటికీ దగ్గర టోకెన్ తీసుకుని, బల్ల మీద కునికిపాట్లు పడుతూ కూర్చుంటారు. లారీ డ్రైవర్లు, గిడ్డంగిలో బస్తాలు మోసేవాళ్ళు, మిషను మీద వంగి వంగి మెడ పట్టేసిన కుట్టుపనావిడ. వీళ్ళందరికీ పెద్దదిక్కు మా రంగుల మేస్త్రి.

మేస్త్రి పరంజా మీంచి పడ్డాడు. కుడి భుజం ఎముక ముక్కలైంది. ఎముక అతికింది గానీ కీలు బిగుసుకుపోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఉన్నమాట మొహానే చెప్పేశాడు: ఏడాది లోపల వ్యాయామంతో ఎంత లేస్తే అంత, ఆ తర్వాత ఆ చెయ్యి ఎక్కడుంటే అక్కడే. రంగులేసేవాడికి చెయ్యి భుజం దాకా లేస్తే ఏం సరిపోతుంది? పైకప్పు అందాలి. ఈలోపు ఇల్లు గడవాలి కనక, పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక పార్కింగ్ స్థలంలో టికెట్లు చింపే పనిలో కుదిరాడు. అక్కణ్ణుంచి లేస్తే ఆ కుర్చీకి ఇంకో పదిమంది కాచుకుని ఉన్నారు. కాబట్టి అతనికి సాయంత్రం తప్ప గతిలేదు.

వచ్చిన కొత్తలో చెయ్యి నడుము దగ్గరే ఆగిపోయేది. చెక్క నిచ్చెన మీద వేళ్ళు ఒక్కో మెట్టూ పాకిస్తూ పోతే ఛాతీ, ఆ తర్వాత భుజం, ఇప్పుడు చెవి. "ఇంకో మెట్టు ఎక్కించండి డాక్టరమ్మా, పోతే ప్రాణమే కదా" అనేవాడు పళ్ళు బిగించి. "ప్రాణం పోతే రిపోర్టులు రాయలేక నేను చావాలి మేస్త్రీ, ఇవాళ్టికి దిగు" అనేదాన్ని. నేను డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

ఇలా ఉండగా, సాయంత్రం వేళలు ఎత్తేస్తారన్న పుకారు పుట్టింది. దాని వెనకే, ఆసుపత్రి వెబ్‌సైట్లో ప్రజాభిప్రాయ సేకరణ అంటూ ఒక సర్వే పెట్టారు. ఉదయం వేళలు మీకు సరిపోతాయా, సాయంత్రం కూడా కావాలా? ఇదీ ప్రశ్న. ఎక్కడ పెట్టారయ్యా అంటే, పొద్దుటి టైము బుక్ చేసుకున్నాక వచ్చే పేజీలో. టోకెన్ మీద వచ్చే నా సాయంత్రం జనం ఆ పేజీ మొహం జన్మలో చూడరు. లింకు మా స్టాఫ్ గ్రూపులో కూడా పెట్టారు. సాయంత్రాలు ఇంటిపట్టున ఉండాలనుకునే ప్రతివాడూ నొక్కాడు. నేనూ "సాయంత్రం కావాలి" అని నొక్కాను. అనుమానమొచ్చి మళ్ళీ నొక్కాను, తీసుకుంది. ఇంకోసారి నొక్కాను, నిక్షేపంలా తీసుకుని ధన్యవాదాలు కూడా చెప్పింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కకి ఫోన్ చేసి అరిచేశాను.

"ఏమిటే ఈ కాకిలెక్కలు? ఇదేనా మీ విభాగం చేసేది?"

అక్క నవ్వింది. "దాన్నెవరు లెక్కలోకి తీసుకుంటారే పిచ్చిమొహమా. తమంతట తాము వచ్చి నొక్కినవాళ్ళు ఎవరి తరఫునా మాట్లాడినట్టు కాదు. తీరిక ఉన్నవాడు నొక్కుతాడు, కోపమున్నవాడు నాలుగుసార్లు నొక్కుతాడు. నీలాగ."

"మరి?"

"మరేముంది, మనం వెళ్ళి అడగాలి. నేనే వస్తా, గుమ్మం దగ్గర కూర్చుంటా. నువ్వు మాత్రం నోరు మూసుకుని ఉండు."

అన్నట్టే వచ్చింది. వరసగా కొన్ని సాయంత్రాలు, ఆఫీసు అయ్యాక, రాసుకునే అట్ట ఒళ్ళో పెట్టుకుని నా గది బయట బల్ల మీద కూర్చుంది. బయటికి వెళ్ళేవాళ్ళలో ప్రతి మూడోవాణ్ణీ ఆపి అడిగేది. మొహం చూసి ఎంచుకోకూడదట, వరసలో ఎవరొస్తే వాళ్ళేనట. మొదటిరోజు మేస్త్రి రెండోవాడిగా వెళ్ళాడు. తనని ఆపలేదని చిన్నబుచ్చుకుని, వెనక్కొచ్చి, ఏదో మర్చిపోయినట్టు గదంతా వెతికి, లెక్క చూసుకుని మూడోవాడిగా బయల్దేరాడు.

"అదేం కుదరదు బాబాయ్, నేను చూశాను" అంది అక్క నవ్వుతూ. బల్ల మీద ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు.

మర్నాడు అదృష్టం కొద్దీ నిజంగానే అతని వంతు వచ్చింది. ఎంత సంబరమో మనిషికి! పరంజా కూలిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, టికెట్ల కుర్చీ, ఏడాది గడువు, ఇంట్లో వాళ్ళావిడ చేత చొక్కా తొడిగించుకోవడం, అన్నీ చెప్పాడు. అక్క ఆపలేదు. అడగాల్సినవి అయిపోయినా వింటూనే ఉంది, రాసుకుంటూనే ఉంది. ఆఖర్న, "నువ్వు చెప్పింది వృథా పోదు బాబాయ్" అంది. నా అక్క అని నాకు ఎంత గర్వం కలిగిందంటే, ఆ రోజు తొట్టిలో వేడి ఎక్కువ పెట్టి ఒకాయన వీపు కాల్చబోయాను.

అదే వారంలో సాయంత్రం జనమంతా కూడబలుక్కున్నారు. ఒక పగటిపూట అందరూ కలిసి పెద్ద డాక్టరు గది ముందుకెళ్ళి కూర్చుందామని. పెద్ద డాక్టరంటే మా ఆసుపత్రి అధిపతి. మేస్త్రే ముందు నడుస్తానన్నాడు. కుట్టుపనావిడ ఇంకో వీధి ఆడవాళ్ళని కూడా తీసుకొస్తానంది. మేస్త్రి టికెట్ల కుర్చీని ఆ పూటకి ఎవరికో అప్పజెప్పేందుకు యజమానిని ఒప్పించుకున్నాడు కూడా. అతనికి అదెంత కష్టమో నాకు తెలుసు.

ఈ మాట అక్కకి చెప్పాను.

"అమ్మో, వద్దు" అంది వెంటనే. "గుంపుగా వస్తే, వీళ్ళందర్నీ ఎగదోసింది నువ్వే అంటారు. నీ అక్క చేసిన సర్వే గనక అదీ పక్షపాతమేనంటారు. కష్టపడి చేసిందంతా బూడిదలో పోసినట్టవుతుంది. ఆపు."

ఆపాను. బల్ల మీద ఉన్నవాళ్ళ మధ్య నిలబడి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. మా అక్క మిమ్మల్ని అడిగింది, మీరు చెప్పారు, లెక్క మనవైపే ఉంది, ఇప్పుడు అల్లరి చేస్తే చేజేతులా చెడగొట్టుకున్నట్టే అన్నాను. కుట్టుపనావిడ గొణిగింది. మేస్త్రి మాత్రం, "డాక్టరమ్మ చెప్పాక ఇంకేం, పదండి" అని అందర్నీ పంపేశాడు.

పదిరోజులు తిరక్కుండా నా గది తలుపుకే నోటీసు అంటించారు. ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి ఎనభై ఆరుమంది ఉదయం వేళలు చాలునని తెలిపినందున, ఈ నెలాఖరు నుంచి సాయంత్రం సేవలు నిలిపివేయబడును.

చదివి నవ్వొచ్చింది, నిజంగా. ఎక్కడో పొరపాటున ఆ వెబ్‌సైటు అంకె వేసేశారనుకున్నాను. అక్కకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మీటింగులో ఉందేమోలే అనుకుని, నోటీసు పీకి చేత్తో పట్టుకుని పెద్ద డాక్టరు గదిలోకి చొరబడ్డాను.

"సార్, ఇది తప్పు అంకె. ఈ పేజీ సాయంత్రం పేషెంట్లకి కనబడదు. నేనొక్కదాన్నే మూడుసార్లు నొక్కాను. గుమ్మం దగ్గర చేసిన సర్వే వేరే ఉంది, మా అక్కే చేసింది. కావాలంటే ఫోన్ చేసి కనుక్కోండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నా మీద జాలిపడుతున్నట్టు చూశాడు. "అమ్మా, ఇది మేం వేసిన అంకె కాదు. లెక్కల విభాగం ధ్రువీకరించి పంపింది. సంతకం మీ అక్కగారిదే."

ఆ గదిలోంచి ఎలా బయటికొచ్చానో గుర్తులేదు.

ఆదివారం పొద్దున్నే అక్క ఇంటికెళ్ళాను. ముందుగదిలో ఉతికిన బట్టల కుప్ప ముందు కూర్చుని మడతపెడుతోంది. బావ నా మొహం చూసి, "పాలు అయిపోయాయి, తెస్తా" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. అక్క లేచెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చి, మళ్ళీ కుప్ప ముందే కూర్చుంది.

"నువ్వేనా సంతకం పెట్టింది?"

"కూర్చో ముందు."

"నువ్వేనా?"

"నేనే."

"నూటికి ఎనభై ఆరుమంది ఎవరే? ఎవరిలో ఎనభై ఆరుమంది?"

"నొక్కినవాళ్ళలో" అంది, తలదించుకుని. "అబద్ధమేం రాయలేదు. సర్వేకి స్పందించినవాళ్ళలో అనే రాశాను. నోటీసులో వాళ్ళు ఆ ముక్క తీసేశారు."

"తీసేస్తారని నీకు తెలీదా?"

అక్క బనీను ఒకటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"మరి గుమ్మం దగ్గర రాసుకున్నవి? మేస్త్రి చెప్పినవి? అవేవీ?"

"ఉన్నాయి."

"ఎక్కడ?"

"నా దగ్గరే. ఆఫీసులో ఇవ్వలేదు. వాళ్ళు అడగలేదు కూడా. ఆ నిర్ణయం ఎప్పుడో అయిపోయిందే. సాయంత్రం స్టాఫుని కొత్త భవనంలోకి మార్చాలనుకున్నారు, దానికో అంకె కావాలన్నారు. నేను కాకపోతే ఇంకోడు ఇచ్చేవాడు."

అంతవరకూ నాకు అర్థమైంది. పైవాళ్ళు అంకె అడిగారు, భయపడి ఇచ్చింది. ఉద్యోగం చేసుకునే మనిషి కదా, తిట్టి, ఏడ్చి, ఆఖరికి క్షమించి ఉండేదాన్ని. కానీ ఒకటి మింగుడుపడలేదు.

"ఎవరూ అడగనప్పుడు, ఎవరికీ ఇవ్వనప్పుడు, నువ్వొచ్చి నా గుమ్మం దగ్గర ఎందుక్కూర్చున్నావ్?"

అక్క చేతిలో బట్ట కుప్ప మీద పడేసింది. తర్వాత మెల్లిగా అంది. "నీ సంగతి మీ పెద్ద డాక్టరుకి తెలుసు. మా పైఆయనకి చెప్పాడు. ఆయన నన్ను పిలిచి, మీ చెల్లెలు గొడవ చేసే మనిషట, పేషెంట్లు ఆవిడ మాట వింటారట, మీరే ఎలాగోలా చూసుకోండి అన్నాడు."

"చూసుకోమన్నాడా? నన్నా?"

"నీ ఉద్యోగం పోతుందని భయపడ్డానే! నువ్వు నోరు పారేసుకుంటావు, వాళ్ళు సస్పెండ్ చేస్తారు. నాలుగురోజులు నేనొచ్చి అడిగితే నువ్వు కుదుటపడతావనుకున్నా. వాళ్ళూ కుదుటపడతారనుకున్నా."

"వాళ్ళూ కుదుటపడ్డారు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ప్రతి మూడోవాణ్ణీ ఆపావు కదే. మొహం చూసి ఎంచుకోకూడదన్నావు. ఎవరూ చదవని కాగితానికి అంత పద్ధతెందుకు?"

"వేరేగా అడగడం నాకు చేతకాదు" అంది. అప్పుడు ఏడ్చింది.

నేను ఏడవలేదు. ఏడిస్తే దగ్గరికి తీసుకుంటుంది, తీసుకుంటే నేను కరిగిపోతాను, చిన్నప్పటినుంచీ అంతే కదా. నమ్మించి గొంతు కోయడం అని జనం అంటుంటే, ఏదో తిట్టుకి అంటారనుకునేదాన్ని. నిజంగానే గొంతు దగ్గరే నొప్పి వస్తుంది. "మీ విభాగంలో పెద్ద కుర్చీ ఖాళీ అవుతోందన్నావు మొన్న. ఎవరికిస్తున్నారు?" అని అడిగాను. అక్క కళ్ళు తుడుచుకుని, కుప్పలోంచి ఇంకో చొక్కా తీసుకుంది. నేను వచ్చేశాను. వీధి మలుపులో బావ ఎదురుపడ్డాడు. చేతిలో పాలపాకెట్ లేదు.

ఆ కాగితాలు ఇమ్మని తర్వాత రెండుసార్లు మెసేజ్ పెట్టాను. ఇవ్వలేదు. అవి ఆఫీసు అనుమతి లేకుండా చేసినవి గనక బయటపడితే తన మెడకే చుట్టుకుంటాయంది. పెద్ద డాక్టరుకి నేనే ఒక అర్జీ రాశాను. పరిశీలిస్తామన్నారు. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

నెలాఖరున, ఆఖరి సాయంత్రం, బల్ల దాదాపు ఖాళీ. నోటీసు చూసి చాలామంది ముందే మానేశారు. మేస్త్రి వచ్చాడు. రోజూలాగే తువ్వాలు వేడిచేసి భుజం మీద వేశాను, తాడు లాగించాను, నిచ్చెన దగ్గరికి తీసుకెళ్ళాను. వేళ్ళు ఒక్కో మెట్టూ పాకాయి. చెవి దాటాయి. పైన ఇంకా చాలా మెట్లున్నాయి.

"డాక్టరమ్మా, మీ అక్కగారు అన్నీ రాసుకున్నారు కదా" అన్నాడు గోడవైపు చూస్తూనే. "మరి ఇలా ఎందుకైందంటారు? నేనేమైనా తప్పుగా చెప్పానా?"

ఆ ప్రశ్నని తట్టుకోలేకపోయాను. అతను అన్ని రోజులూ తన మాటలోనే తప్పు వెతుక్కున్నాడన్నమాట. అబద్ధం చెప్పొచ్చు. పైవాళ్ళు వినలేదు అంటే సరిపోతుంది. కానీ అబద్ధానికి నా ఒంట్లో చోటు లేదప్పటికి.

"నువ్వు చెప్పింది ఎవరూ చదవలేదు మేస్త్రీ. మా అక్క దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. మనం గొడవ చెయ్యకుండా ఉండాలని వచ్చి అడిగింది, అంతే. నాకూ తెలీదు. ఒట్టు."

అతను చెయ్యి దించలేదు. నిచ్చెన మెట్టు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మీకు తెలీదని నాకు తెలుసమ్మా" అన్నాడు.

"నేను రోజూ పొద్దున్నే మీ ఇంటికొస్తా. నువ్వు డ్యూటీకి వెళ్ళకముందే. తాడు, కప్పీ కొనిపెడతా, గుమ్మానికి కట్టేద్దాం."

"కుట్టుపనావిడ ఇంటికో? డ్రైవరు ఇంటికో? ఆ బస్తాల కుర్రాడికో?"

"ఎంతమందికి కుదిరితే అంతమందికి."

తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు. చేతిని ఒక్కో మెట్టే కిందికి దించుకున్నాడు.

"ఆ రోజు మేమంతా వెళ్ళి అరిచి ఉంటే ఏం ఒరిగేదో నాకు తెలీదు. ఏమీ ఒరక్కపోనూ వచ్చు. తోసేసేవాళ్ళేమో. కానీ అరిచామన్నదైనా ఉండేది. అడిగారు కదా, ఇంక అరవడమెందుకని మానేశాం. మీరు చెప్పారని అందర్నీ నేనే పంపేశాను. ఇప్పుడు వాళ్ళు దార్లో నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారమ్మా."

కొక్కేనికి తగిలించిన చొక్కా తీసుకున్నాడు. కుడిచెయ్యి చొక్కాలో దూర్చడం అతనికి ఇంకా కష్టమే, రోజూ నేనే తొడిగేదాన్ని. అలవాటుగా ముందుకెళ్ళి కాలరు పట్టుకోబోయాను. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. గోడవైపు తిరిగి, ఎడంచేత్తో లాక్కుంటూ, తనే తొడుక్కోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను.